నెగటివ్ వచ్చాక మొదలయ్యే జబ్బు

(పెద్దల ఆరోగ్య సదస్సులో ఒక రిటైర్డ్ ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంకా పూర్తిగా ఓపిక రాకపోయినా వచ్చి కూర్చున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మధ్యలో అలసటగా అనిపిస్తే మొహమాటపడకండి. పక్క గదిలో మంచాలు వేయించాం. లేచి వెళ్ళి కాసేపు పడుకుని రండి. నేనేమీ అనుకోను, పైగా సంతోషిస్తాను. ఎందుకంటే ఈ రోజు నేను మాట్లాడబోయేదే దాని గురించి.

నేను పనిచేసినన్నాళ్ళూ ఫిజియోథెరపిస్టుగా ఉన్నాను. ఇప్పుడు డెబ్భై దాటాయి. షుగర్, ఉబ్బసం రెండూ చాలా ఏళ్ళుగా నాతోనే ఉన్నాయి. కోవిడ్ కూడా వచ్చి వెళ్ళింది. వెళ్ళింది అంటున్నాను గానీ, అది వెళ్ళాక మామూలు మనిషిని కావడానికి చాలాకాలం పట్టింది. మంచం పక్కన నిలబడి ఏళ్ళ తరబడి చూసినదాన్ని మంచం మీద నుంచి కూడా చూశాను.

పాజిటివ్ వచ్చినప్పుడు ఇల్లంతా హడావుడిగా ఉంటుంది. నెగటివ్ రాగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఒంట్లో బాగోని మనిషి ఉన్నారన్న సంగతే మరిచిపోతారు. కానీ అసలు కష్టం చాలామందికి ఆ మర్నాడే మొదలవుతుంది. బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏం చెప్పబోయామో మరిచిపోవడం. రాత్రి నిద్ర ఉండదు, పగలు మెలకువ ఉండదు. డాక్టరుకి చెబితే "వయసు కదండీ" అంటారు. పిల్లలకి చెబితే "షుగర్ ఉంది కదా, అంతే ఉంటుంది" అంటారు. చివరికి మనమే మనకి అదే చెప్పుకుంటాం.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. పాత జబ్బులున్న పెద్దవాళ్ళు నెమ్మదిగా కోలుకుంటుంటే, దాన్ని వయసు ఖాతాలో రాసేసి వదిలేస్తున్నారు. అలా వదలకూడదు. ఎందుకు నెమ్మదిగా ఉందో విడదీసి చూడాలి. విడదీస్తే సరిచేయగలిగినవి చాలానే బయటపడతాయి.

ముందు కాలం లెక్క చూద్దాం. 2020 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, చైనా నిపుణులు కలిసి ఒక నివేదిక ఇచ్చారు. స్వల్పంగా వచ్చినవాళ్ళు సుమారు 2 వారాల్లో, తీవ్రంగా వచ్చినవాళ్ళు 3 నుంచి 6 వారాల్లో కోలుకుంటున్నారని అందులో ఉంది. ఆ లెక్కే జనం మనసులో నాటుకుపోయింది. ఆ గడువు దాటితే ఏదో మన తప్పు ఉన్నట్టు, మనమే గట్టిగా ప్రయత్నించనట్టు అనిపిస్తుంది. తర్వాత, 2021 అక్టోబరులో, అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అనంతర స్థితికి ఒక నిర్వచనం ఇచ్చింది. జబ్బు మొదలైన దగ్గర నుంచి సాధారణంగా 3 నెలలకి కనిపించే లక్షణాలు, కనీసం 2 నెలలు ఉండేవి, వేరే జబ్బుతో వివరించలేనివి అని దాని సారాంశం. లాంగ్ కోవిడ్ అని మనం అనుకునేది దీన్నే.

ఆ చివరి ముక్క దగ్గర కాసేపు ఆగుదాం. "వేరే జబ్బుతో వివరించలేనివి." ముప్ఫై ఏళ్ళ ఆరోగ్యవంతుడికి ఆయాసం వస్తే దానికి వేరే కారణం కనపడదు, కోవిడ్ దగ్గరికే వస్తారు. మనకో? ఆయాసమా, ఉబ్బసం ఉంది. నీరసమా, షుగర్ ఉంది. కళ్ళు తిరుగుతున్నాయా, బీపీ మాత్రలు వాడుతున్నారు. మతిమరుపా, ఇక చెప్పనే అక్కర్లేదు. మన ప్రతి బాధకీ ఒక పాత జబ్బు సిద్ధంగా ఉంటుంది. దాని మీదకి నెట్టేస్తే ఫైలు మూసేయొచ్చు. నిర్వచనం రాసినవాళ్ళ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కానీ క్లినిక్కులో జరిగేది అదే. 2024లో అమెరికాలోని నేషనల్ అకాడమీస్ ఇచ్చిన నిర్వచనంలో ఈ విషయం తేటగా రాశారు: లాంగ్ కోవిడ్ అంతకుముందు ఉన్న జబ్బుల్ని పెంచవచ్చు, కొత్త జబ్బులుగానూ బయటపడవచ్చు అని. మనలాంటివాళ్ళకి ఆ ఒక్క మాట ఎంతో అండ.

మరి ఎలా విడదీయాలి? నా అనుభవంలో మన నీరసంలో మూడు దారాలు చిక్కుపడి ఉంటాయి. మంచాన పడి ఉండటం వల్ల పోయిన కండ ఒకటి. కోవిడ్ దెబ్బకి అదుపు తప్పిన పాత జబ్బు ఇంకొకటి. కోవిడ్ తనంతట తాను వదిలిపెట్టిపోయినది మూడోది. మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి. "ఓపిక లేదు" అంటాం, అంతే. కానీ ఒకదానికి మంచి చేసేది ఇంకొకదానికి చెడు చేస్తుంది. అందుకే ఎవరో చెప్పిన సలహా మనకి సరిపడదు.

కండ సంగతి చూడండి. 2007లో జామా అనే వైద్య పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. సగటున 67 ఏళ్ళున్న ఆరోగ్యవంతుల్ని 10 రోజులు మంచం మీదే ఉంచారు. వాళ్ళకి జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా ఆ పది రోజుల్లో ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. ఇక జ్వరంతో, తిండి సయించక, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళ సంగతి ఆలోచించండి. దానికి తోడు స్టెరాయిడ్లు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పరిశోధనలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ళ ప్రాణాలు కాపాడుతుందని తేలింది. ఎంతోమంది బతికి బయటపడ్డారు, అందులో సందేహం లేదు. కానీ స్టెరాయిడ్ షుగర్ పెంచుతుంది, ఎక్కువ రోజులు వాడితే తొడల కండ తగ్గిస్తుంది. కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవలేకపోవడం మొదటి గుర్తు. ఇది వయసు వల్ల ఒక్క నెలలో రాదండీ. కోవిడ్‌కి ముందు లేవగలిగి ఇప్పుడు లేవలేకపోతుంటే దానికి వేరే కారణం ఉంది.

పోయిన కండని తిరిగి తెచ్చుకోవచ్చు. దానికి కదలిక కావాలి, మాంసకృత్తులు కావాలి. జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళకి ఒంటి బరువులో ప్రతి కిలోకీ రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని పోషకాహార నిపుణులు చెబుతారు. కానీ కిడ్నీలు దెబ్బతిని, ఇంకా డయాలిసిస్ దాకా వెళ్ళనివాళ్ళకి ఇదే లెక్క భారం కావచ్చు. వాళ్ళు డాక్టర్ని అడిగాకే పెంచాలి. చూశారా, మొదటి అడుగులోనే రెండు జబ్బులు చెరో వైపుకి లాగుతున్నాయి.

కదలిక విషయంలో ఈ లాగుడు ఇంకా ఎక్కువ. నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది దీని గురించే.

కండ పోయిన మనిషికి రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ నడవమని చెబుతాం. మొదట కాళ్ళు లాగుతాయి, ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది, వారం తిరిగేసరికి తేడా తెలుస్తుంది. కానీ కోవిడ్ తర్వాత కొందరిలో వేరే సంగతి జరుగుతుంది. నడిచినప్పుడు బాగానే ఉంటుంది. ఆ రోజంతా బాగానే ఉంటుంది. మర్నాడో, ఆ మర్నాడో ఒళ్ళు కూలబడిపోతుంది. జ్వరం వచ్చినట్టు నొప్పులు, తల బరువు, మాట తడబాటు. అది రోజుల తరబడి ఉండొచ్చు, వారాల తరబడీ ఉండొచ్చు. ఒంట్లో లేని ఓపికని అప్పు తెచ్చి వాడుకున్నట్టు, రెండు రోజుల తర్వాత వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. శ్రమ అంటే నడక ఒక్కటే కాదు. చుట్టాలు వచ్చి గంటసేపు మాట్లాడినా, బ్యాంకు కాగితాలు నింపినా, ఒక గొడవలో గట్టిగా అరిచినా ఇలాగే కావచ్చు.

ఈ రెండో రకం మనిషిని "లేచి తిరిగితేనే కదా ఓపిక వచ్చేది" అని తరిమితే ఇంకా దిగజారుతారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ అనే సంస్థ 2021 అక్టోబరులో దీర్ఘకాలిక అలసట జబ్బు విషయంలో ఇదే చెప్పింది. ముందే వేసుకున్న లెక్క ప్రకారం వారం వారం వ్యాయామం పెంచే పద్ధతి వాళ్ళకి వాడొద్దంది. లాంగ్ కోవిడ్ వచ్చినవాళ్ళలో కొందరి బాధ అచ్చం ఆ జబ్బులాగే ఉంటుంది.

మరి మీరు ఏ రకమో ఎలా తెలుస్తుంది? ఆ రోజు చూసుకుంటే తెలియదు. మామూలుగా చేసే దానికంటే కాస్తంత ఎక్కువ చేసి, రెండు రోజులు పెంచకుండా ఆగండి. ఆ రెండు రోజులూ మామూలుగా గడిస్తే ఇంకాస్త పెంచొచ్చు. కూలబడిపోతే వెనక్కి తగ్గాలి, కూలబడని చోట నిలబడాలి. అక్కడే కొన్ని వారాలు ఉండిపోవాల్సి వచ్చినా సరే. ఇది బద్ధకం కాదని ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పండి. మూడో రకం కూడా ఉంటారు, రెండూ కలిసినవాళ్ళు. వాళ్ళకి మంచం మీద పడుకునే మడమలు ఆడించడం, మోకాలు నిటారుగా బిగబట్టి వదలడం లాంటివి చాలు. చిన్నవిగా అనిపిస్తాయి గానీ కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి కూడా పనికొస్తాయి.

ఒక్క పనిని దగ్గరగా చూపిస్తాను, స్నానం. ఇంట్లో మనం రోజూ చేసే పనుల్లో ఒంటికి ఎక్కువ భారం అయ్యేవాటిలో ఇదొకటి. ఎందుకంటారా? నిలబడి ఉంటాం. వేడినీళ్ళకి రక్తనాళాలు వదులై బీపీ పడుతుంది. తల రుద్దుకోవడానికి రెండు చేతులూ భుజాల పైకి ఎత్తుతాం, అప్పుడు ఊపిరికి సాయం చేసే కండరాలు చేతులకి పనిచేయాల్సి వస్తుంది. ఆవిరికి గాలి బరువుగా ఉంటుంది. వంగి కాళ్ళు తోముకుంటాం. ఆఖరికి తడి ఒంటితో గబగబా తుడుచుకుంటాం. ఆయాసం రాకేం చేస్తుంది? దీన్ని మార్చడం తేలిక. జారని స్టూలు వేసుకుని కూర్చోండి. నీళ్ళు గోరువెచ్చగా చాలు. తలస్నానం ఉన్న రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. ఒక చెయ్యి ఎత్తి రుద్దుకుని, దించి, ఊపిరి తీసుకుని రెండో చెయ్యి ఎత్తండి. ఒళ్ళు తుడుచుకునే బదులు పెద్ద తువ్వాలు కప్పుకుని మంచం మీద కూర్చోండి, దానంతట అదే ఆరుతుంది. తలుపు లోపల గడియ పెట్టొద్దు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ వారానికి ఒక్కసారి స్నానం చేస్తున్నానని ఏడ్చారు, అంత భయం పట్టుకుంది ఆవిడకి. స్టూలు ఒక్కటి వేసుకున్నాక రోజు మార్చి రోజు చేయగలిగారు. ఆవిడ ఊపిరితిత్తులు ఆ నెలలో ఏమీ మారలేదు. పని చేసే తీరు మారింది.

ఇక పాత జబ్బు అదుపు తప్పడం. షుగర్ ఉన్నవాళ్ళు ఈ మాట జాగ్రత్తగా వినండి. కోవిడ్ ఉన్నప్పుడు, స్టెరాయిడ్ వాడినప్పుడు షుగర్ బాగా పెరుగుతుంది, డాక్టర్లు ఇన్సులిన్ పెంచుతారు. తర్వాత స్టెరాయిడ్ ఆపేస్తారు, జబ్బు తగ్గుతుంది, తిండి ఇంకా సరిగా సయించదు, బరువు కూడా తగ్గి ఉంటారు. ఇన్సులిన్ మాత్రం ఆ పెంచిన డోసులోనే ఉండిపోతుంది. అప్పుడు షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, అయోమయం. "కోవిడ్ నీరసం ఇంకా పోలేదు" అని పడుకోబెడతారు. అది నీరసం కాదు, ప్రమాదం. నీరసం అనిపించిన ప్రతిసారీ ఒకసారి షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే తీపి ఏదైనా తీసుకోవాలి, డోసు గురించి ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి.

బీపీ మాత్రలదీ అదే కథ. లేవగానే కళ్ళు తిరిగితే పడుకుని ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి బీపీ చూడమని ఎవరినైనా అడగండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే అది పట్టించుకోవాల్సిన విషయం. అలా పడిపోయేవాళ్ళకి నీళ్ళు, ఉప్పు పెంచమని చెబుతుంటారు. కానీ గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి అవే నీళ్ళు, ఉప్పు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరేలా చేస్తాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అందుకే మాత్రలు మనంతట మనం మానేయకూడదు, నీళ్ళు మనంతట మనం పెంచకూడదు. ఆ లెక్కలు రాసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టాలి. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవడం మాత్రం ఎవరైనా చేయొచ్చు.

ఆక్సిజన్ కొలిచే ఆక్సీమీటరు గురించి కూడా ఒక మాట. చేతులు చల్లగా ఉన్నా, గోళ్ళకి రంగు ఉన్నా అంకె తప్పు చూపొచ్చు. చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్ళకి అసలున్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో ఒక అధ్యయనం బయటపెట్టింది. ఐదు నిమిషాలు కూర్చుని, చెయ్యి వెచ్చబరచుకుని చూడండి. అన్నిటికంటే ముఖ్యం, కోవిడ్‌కి ముందు మీ అంకె ఎంతో తెలిసి ఉండాలి. సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, బాగా ముదిరినవాళ్ళలో కొందరికి 88 నుంచి 92 మధ్య ఉండటమే డాక్టర్లు పెట్టే లక్ష్యం. 94కి తగ్గకూడదని అందరికీ చెప్పే మాట విని వాళ్ళు హడలిపోయి ఆక్సిజన్ పెంచుకుంటే అదే ముప్పు.

(సభలోంచి ఒకరు: "మా అబ్బాయి నడవమంటాడు, కోడలు కదలొద్దంటుంది. ఎవరి మాట వినాలమ్మా?")

ఇద్దరూ మీ మీద ప్రేమతోనే అంటున్నారయ్యా. ఒకరిది మీరు మంచాన పడిపోతారన్న భయం, ఇంకొకరిది మీరు పడిపోతారన్న భయం. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇందాక చెప్పిన రెండు రోజుల సంగతి చెప్పండి. ఆ రెండు రోజుల్లో మీ ఒళ్ళు ఏం చెబుతుందో దాన్ని బట్టి ముగ్గురూ కలిసి నిర్ణయించుకోండి. అబ్బాయికి ఒక పని కూడా అప్పగించండి. రోజూ రాత్రి మీరు చెబుతుంటే మూడు మాటలు డైరీలో రాయమనండి: ఈ రోజు ఏం చేశారు, ఎలా అనిపించింది, షుగరూ బీపీ ఎంత. నెల తర్వాత ఆ డైరీ చూస్తే మీకే తెలుస్తుంది.

మతిమరుపు గురించి క్లుప్తంగా చెబుతాను. కోవిడ్ తర్వాత మాట వెతుక్కోవడం, ఒకే పేజీ మళ్ళీ మళ్ళీ చదవడం చాలామందికి ఉంటుంది. ఎక్కువమందిలో నెమ్మదిగా తగ్గుతుంది. ఈ లోపు మాత్రల విషయంలో జ్ఞాపకం మీద ఆధారపడకండి. వారానికి సరిపడా గళ్ళున్న డబ్బాలో సర్దుకోండి. వాసన పోయినవాళ్ళు ఇంట్లో గ్యాస్ లీకు, మాడు వాసన పసిగట్టలేరు, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఇక మనసు. ఇంతకాలం పాత జబ్బుతో ఎలాగో రాజీపడి బతికినవాళ్ళకి, మళ్ళీ ఇంకొకటి మీద పడితే దిగులు రాకుండా ఎలా ఉంటుంది? దిగులు వారాల తరబడి ఉంటే, దేని మీదా ఆసక్తి లేకపోతే దానికీ వైద్యం ఉంది. అడగడానికి సిగ్గుపడొద్దు.

అన్నీ కోవిడ్ మీదే తోసేయడం కూడా ప్రమాదమే. 2022లో స్వీడన్‌లో దేశమంతటి వివరాలతో చేసిన అధ్యయనంలో కోవిడ్ తర్వాత కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు 3 నెలల వరకు, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టే ముప్పు 6 నెలల వరకు ఎక్కువగా ఉందని తేలింది. కాబట్టి ఒక కాలు మాత్రమే వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా డైరీలో రాసుకుంటూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, ఆ రోజే ఫోన్ చేయాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక్క కాగితం తీసుకెళ్ళండి. ఎడమ వైపు కోవిడ్‌కి ముందు నెలలో మీరేం చేయగలిగేవారో రాయండి. ఎన్ని మెట్లు ఎక్కేవారు, కూరగాయలు మీరే తెచ్చుకునేవారా, మధ్యాహ్నం పడుకునే అలవాటు ఉందా. కుడి వైపు ఇప్పుడేం చేయగలుగుతున్నారో రాయండి. కింద వాడే మాత్రలన్నీ, కోవిడ్ సమయంలో మార్చిన డోసులు విడిగా గుర్తుపెట్టి రాయండి. "నీరసంగా ఉందండీ" అంటే వయసు అనే జవాబు వస్తుంది. "మూడు నెలల క్రితం రెండంతస్తులు ఎక్కేదాన్ని, ఇప్పుడు ఐదు మెట్లకి ఆగుతున్నాను" అంటే ఏ డాక్టరూ వయసు అని సరిపెట్టుకోలేరు. మూడు నెలల్లో అంత వయసు మీద పడదు కదా.

(సభలోంచి మరొకరు: "అసలు మళ్ళీ మామూలుగా అవుతామా?")

చాలామంది అవుతారమ్మా, నెలలు పడుతుంది. కొందరు మునుపటి దాకా రారు, దానికి దగ్గరగా వచ్చి ఆగుతారు. ఇద్దరిలో మీరెవరో ఈ రోజు ఎవరూ చెప్పలేరు, చెప్పగలమన్నవాళ్ళని నమ్మకండి. మంచి రోజులూ చెడ్డ రోజులూ కలిసే వస్తాయి కాబట్టి నిన్నటితో పోల్చుకుంటే ఏమీ తెలియదు, పోయిన నెలతో పోల్చుకోండి. ఇంకోసారి కోవిడ్ రాకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే. టీకా విషయం మీ డాక్టరుతో మాట్లాడండి, ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే మాస్కు పెట్టుకోమనండి. మళ్ళీ వచ్చిందని అనుమానం వస్తే మొదటి ఐదు రోజుల్లోనే వెళ్ళాలి. వైరస్ మీద పనిచేసే మాత్రలు ఆ లోపు మొదలుపెడితేనే ఫలితం ఉంటుంది. వాటిలో కొన్నింటికి కొలెస్టరాల్ మాత్రలతోనూ, రక్తం పలచబరిచే మాత్రలతోనూ పడదు కాబట్టి ఇందాకటి కాగితం అప్పుడూ చేతిలో ఉండాలి. ఆ కాగితం నమూనా తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం, పెద్ద అక్షరాలతో. వెళ్ళేటప్పుడు రెండేసి తీసుకెళ్ళండి, ఒకటి మీకు, ఒకటి రాలేకపోయినవాళ్ళకి.